ఇతను దొంగేనా?

అబిగయీలు పాత కంప్యూటరును చంపింది ఉప్పుగాలి. ముత్తుకూరులో ఏ యంత్రమూ నిండు ఆయుష్షు బతకదు. ఫ్యాను రెక్కలకు తుప్పు, షట్టరుకు తుప్పు, కడకు తాళంచెవికి కూడా తుప్పే. బాగుచేసే అతను మదర్‌బోర్డు బయటికి తీసి, దాని మీద పచ్చగా పేరుకున్నదాన్ని గోరుతో గీకి చూపించి, "అక్కా, ఇది ఇంక లెయ్యదు" అన్నాడు. హార్డు డిస్కులు ఏడూ బాగానే ఉన్నాయి. తేమ తగలకుండా వాటిని ఆమె బియ్యం డబ్బాలో, బియ్యం మధ్యనే పెట్టేది. అన్నం వండేటప్పుడు చేతికి డిస్కు తగలడం ఆ ఇంట్లో మామూలు.

కొత్త కంప్యూటరు వచ్చింది కానీ అందులో పాత సాఫ్ట్‌వేరు ఎక్కలేదు. పదకొండేళ్ళుగా ఒకే వెర్షన్ మీద పనిచేసిన మనిషి, గత్యంతరం లేక కొత్తదానికి మారింది. ఫొటోలు దిద్దడం, సర్దిపెట్టడం, రెండు పనులూ ఒకే చోట జరిగే వెర్షన్ అది.

మొదటి రోజంతా తిట్టుకుంటూనే గడిచింది. మెనూలు ఉన్నచోట లేవు. అబిగయీలు చదివింది తొమ్మిదో తరగతి. ఆమె మెనూలను చదివి నేర్చుకోలేదు, చోటును బట్టి నేర్చుకుంది. ఎడమ చేతి మూడు వేళ్ళకు తెలిసిన దారులన్నీ ఒక్కసారిగా మూసుకుపోయాయి. కత్తెర అనుకుని నొక్కితే కుంచె వచ్చింది. వెనక్కి అనుకుని నొక్కితే ఏదో కిటికీ తెరుచుకుని, మీకు కొత్త సంగతులు చూపించమంటారా అని అడిగింది.

"నాకేం చూపించొద్దు, పక్కకు జరుగు" అంది అబిగయీలు దానితో.

రెండో రోజు దాన్ని పరీక్షకు పెట్టింది. కొత్త కత్తి కొన్న మనిషి ముందు చెక్కముక్క మీద గీసి చూసుకున్నట్టు, ఒక పాత పెళ్ళి ఫొటో తెరిచింది. పెళ్ళికూతురు జడ నిండా మల్లెపూలు, నుదుటి మీద ఎగిరే వెంట్రుకలు. ఇలాంటి బొమ్మను వెనకనున్న గోడ నుంచి విడదీయడానికి ఆమె ఒకప్పుడు చుక్క చుక్కా పెట్టుకుంటూ రెండు గంటలు కూర్చునేది. ఇప్పుడు ఒక్క నొక్కుకే పెళ్ళికూతురు విడివడి వచ్చేసింది.

అబిగయీలు మెచ్చుకోలేదు. బొమ్మను మూడింతలు పెద్దది చేసి అంచు పట్టుకుని చుట్టూ తిరిగింది. మల్లెమొగ్గల్లో నాలుగు మాయం. చెవి వెనక జుట్టు అట్టముక్కను కోసినట్టు తెగింది. పక్కనున్న పెళ్ళికొడుకు చిటికెన వేలు గోడలో కలిసిపోయింది. తర్వాత చర్మం నునుపు చేసే పనిముట్టు నొక్కి చూసింది. పెళ్ళికూతురి మేనత్త చెంపలు ప్లాస్టిక్ బిందెలా మెరిశాయి.

సాయంత్రం పోర్టు నుంచి భర్త మాథ్యూ వచ్చాడు. అక్కడ క్రేను నడుపుతాడు. "ఎట్ట ఉంది మే, కొత్తది?" అని అడిగాడు.

"ముప్పాతిక పని అదే చేస్తాది. మిగతా పాతిక చేసేదానికే జనం మనల్ని పిలిచేది. అది దానికి తెలవదు."

మూడో రోజు సర్దుడు పని మొదలైంది. బియ్యం డబ్బాలోంచి డిస్కులు తీసి, దులిపి, ఒక్కొక్కటే తగిలించింది. పదిహేడేళ్ళ ఫొటోలు. ఆమె వాటిని ఈ వృత్తిలో అందరూ పెట్టుకున్నట్టే పార్టీ పేరుతో పెట్టుకుంది. చిల్లకూరు పెళ్ళి పార్టీ, పద్మనాభయ్య గారి గృహప్రవేశం పార్టీ, గూడూరు చెవులు కుట్టే పార్టీ. కొత్త సాఫ్ట్‌వేరుకు పార్టీలతో పనిలేదు. అది తేదీ చూస్తుంది. తేదీ కెమెరా గడియారం నుంచి తీసుకుంటుంది. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళలో కెమెరా గడియారం దిద్దేవాడు ఎవడు? బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా అది జనవరి ఒకటికి పోతుంది. అక్కడే ఉంటుంది. అందుకని పదిహేడేళ్ళ పెళ్ళిళ్ళు, సీమంతాలు, రజస్వల వేడుకలు, జ్ఞాపకార్థ కూడికలు అన్నీ ఒకే జనవరి ఒకటో తేదీన జరిగిపోయినట్టు కుప్పపోసి పెట్టింది సాఫ్ట్‌వేరు.

మాథ్యూ వెనక నిలబడి చూసి, "ఆ దినం నువ్వు అన్నం తిన్నావా మే?" అన్నాడు.

తేదీలు పనికిరాకపోయినా మొహాలు పనికొచ్చాయి. అది ప్రతి ఫొటోలోనూ మొహాలు ఏరుకుని, ఒకే మనిషివి ఒకచోట చేర్చి, ఈ మనిషి ఎవరని అడుగుతుంది. పేరు చెబితే గుర్తు పెట్టుకుంటుంది. ముందుగా మాథ్యూ మొహం అడిగింది, చెప్పింది. తన కూతురు ప్రత్యూష మొహం అడిగింది, చెప్పింది. ఆ తర్వాత ఒక మొహం వచ్చింది. గుండ్రటి మొహం, దువ్విన మీసం, కూలింగ్ గ్లాసులు నెత్తి మీదికి తోసుకుని నవ్వుతున్నాడు. మూడు వందల పన్నెండు ఫొటోల్లో ఉన్నాడు. పెద్దమనుషులు ఎవరు స్టేజీ ఎక్కినా పక్కన దూరి నిలబడే అలవాటున్న మనిషి కాబట్టి అన్ని ఫొటోల్లో పడ్డాడు.

నరేంద్రబాబు. ఇందుకూరుపేటలో స్టూడియో. అబిగయీలు ఎనిమిదేళ్ళు పనిచేసింది అక్కడే.

ఈయన ఎవరు, అని అడుగుతోంది సాఫ్ట్‌వేరు.

 అబిగయీలు తెలుగులో కొట్టింది: దొంగ.

సాఫ్ట్‌వేరు ఆ పేరును వినయంగా స్వీకరించింది. మిగిలిన ఫొటోలు ఒక్కొక్కటే తెచ్చి చూపిస్తూ అడగడం మొదలుపెట్టింది. ఇతను దొంగేనా? అవును. ఇతను దొంగేనా? అవును. టోపీ పెట్టుకున్నాడు, ఇతను కూడా దొంగేనా? అవును. బిర్యానీ తింటూ సగం మొహమే కనబడుతున్నాడు. ఇతను దొంగేనా? అబిగయీలుకు ఆ వారమంతటిలో మొదటిసారి కొత్త వెర్షన్ మీద ఇష్టం కలిగింది.

ఆ పేరు ఎందుకు పెట్టిందో చెప్పాలి.

పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడానికీ లామినేషన్ చేయడానికీ చేరింది ఆమె. ఎవరూ నేర్పకుండానే, చూసి చూసి, ఎడిటింగ్ పట్టుకుంది. తర్వాత కెమెరా. ఆడవాళ్ళ వేడుకలకు ఆడమనిషి కావాలని జనం అడిగేవాళ్ళు. ముఖ్యంగా మైపాడు సముద్రంలో బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు. తెల్లచీరతో నీళ్ళలో మునిగి లేచిన ఆడవాళ్ళను మగవాడు ఫొటో తీయడం చర్చి సంఘంలో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. అబిగయీలు సంఘపు ఆడవాళ్ళకు ఒక మాట ఇచ్చింది: తడిచీర ఒంటికి అతుక్కున్న ఫొటో ఒక్కటి కూడా తన చెయ్యి దాటి పోదు. ఆ మాట మీదే ఆమెను పిలిచేవాళ్ళు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున, మైపాడులో పదకొండు మందికి బాప్తిస్మం. అందరూ ఒడ్డునుంచి ఫొటోలు తీస్తారు. తూర్పు సముద్రం కాబట్టి పొద్దుటి సూర్యుడు ఎదురుగా ఉంటాడు, మొహాలన్నీ నల్లగా పడతాయి. అబిగయీలు ఆ రోజు చీర కుచ్చెళ్ళు దోపుకుని, కెమెరాకు ప్లాస్టిక్ సంచి కట్టి, పాస్టరు యెహోషువ గారిని దాటుకుని లోపలికి పోయింది. గొంతులోతు నీళ్ళలో సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది. రొయ్యలు ఒలిచే రెబెక్కమ్మ నీళ్ళలోంచి లేచింది. కళ్ళు ఇంకా తెరవలేదు. నుదుటి మీదనుంచి జారే నీటిపొర పొద్దుటెండలో రాగిరేకులా మెరిసింది. అప్పుడు నొక్కింది.

ఆ ఫొటోకు కోస్తా ఫొటో మిత్రమండలి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. తీసినవారు: నరేంద్రబాబు. స్టూడియో బోర్డు మీద అదే ఫొటో, కార్డుల మీద అదే ఫొటో, మండలంలో ఎవరి పెళ్ళి ఫ్లెక్సీ చూసినా మూలన అదే ఫొటో.

అడగడానికి పోతే ఆయన కుర్చీలోంచి లేవలేదు. "కెమెరా నాది. ఎండ దేవుడిది. నువ్వు నొక్కినావు, అంతే కదమ్మా. నొక్కుడు కోతి కూడా నొక్కుతాది" అన్నాడు. స్టూడియోలో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ సాయంత్రమే ఆయన అబిగయీలు ఇంటికొచ్చి, ఎడిటింగ్ కోసం పెట్టుకున్న బాప్తిస్మం ఫోల్డరును దగ్గర కూర్చుని డిలీట్ చేయించాడు.

అబిగయీలు ముత్తుకూరులో ఒక గది తీసుకుని సొంతంగా పని పెట్టుకుంది. ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడలేదు. కోపాన్ని కూడా డిస్కుల్లాగే తేమ తగలకుండా దాచుకుంది.

రెండు వందల ఎనభయ్యో ఫొటో దగ్గరో ఎక్కడో సాఫ్ట్‌వేరు ఒక చిన్న మొహం తెచ్చి పెట్టింది. దూరంగా, గోరంత ఉంది. దానికే సందేహం వచ్చినట్టు అడిగింది: ఇతను దొంగేనా?

అబిగయీలు ఫొటోను పూర్తిగా తెరిచింది.

రెబెక్కమ్మ. నీటిపొర. రాగిరంగు. కోయని, కత్తిరించని, మొత్తం ఫ్రేము. దొరికింది పద్మనాభయ్య గారి గృహప్రవేశం ఫోల్డరులో. బాప్తిస్మం తీసిన కెమెరా కార్డును ఖాళీ చేయకుండానే మర్నాడు గృహప్రవేశానికి పట్టుకుపోయింది కాబోలు, రెండూ కలిసి అందులో పడ్డాయి. తొమ్మిదేళ్ళుగా గుమ్మడికాయ పగలగొట్టే ఫొటోల వెనక ఉండిపోయింది.

బహుమతి ఫొటోలో రెబెక్కమ్మ వెనక నీళ్ళు మాత్రమే ఉంటాయి. పూర్తి ఫ్రేములో ఆ నీళ్ళ వెనక ఒడ్డు ఉంది. ఒడ్డు వెనక సరుగుడు తోట ఉంది. ఒడ్డు మీద, పొడి ఇసుకలో, ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో చెవి దగ్గర ఫోను పట్టుకుని నరేంద్రబాబు నిలబడి ఉన్నాడు. తాను తీశానని చెప్పుకున్న ఫొటోలో తానే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇట్రా" అని పిలిచింది. ఆ గొంతు విని మాథ్యూ చేతిలో పళ్ళెంతోనే వచ్చాడు. చూశాడు. పళ్ళెం కింద పెట్టాడు.

"వచ్చే నెల మండలి వార్షికోత్సవం" అంది అబిగయీలు. "వీడికి జీవిత సాఫల్య సన్మానం చేస్తా ఉండారు. నెల్లూరు కల్యాణమండపంలో. స్టేజీ వెనక ఈ ఫొటోనే ఫ్లెక్సీ. నేను దీన్ని తలుపంత ప్రింటు వేసి గేటు దగ్గర పెడతా. లోపలికి పోయే ప్రతివాడూ చూసి పోవాల."

"మరి ఈ పాప?" అన్నాడు మాథ్యూ.

రెబెక్కమ్మకూ నరేంద్రబాబుకూ మధ్యలో ఇంకో అమ్మాయి ఉంది. క్యాథరిన్. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. అప్పుడే నీళ్ళలోంచి లేచి నడుస్తోంది. చీర ఒంటికి అతుక్కుని ఉంది. ఇప్పుడు గూడూరులో టీచరు, ఇద్దరు పిల్లలు.

 అబిగయీలు కొత్త సాఫ్ట్‌వేరులో మనుషులను చెరిపే కుంచె తీసింది. క్యాథరిన్ మీద ఒక్కసారి రాసింది. అమ్మాయి మాయమై, ఆ చోట అలలు వచ్చి కూర్చున్నాయి. అతుకు కోసం మూడింతలు పెద్దది చేసి చూసింది. ఈసారి అతుకు కూడా లేదు. అదే కుంచెతో, ఊరికే చూద్దామని, నరేంద్రబాబు మీద రాసింది. ఆయన కూడా పోయాడు. బూట్లు, ఫోను, అన్నీ పోయి ఇసుక మిగిలింది.

మళ్ళీ వెనక్కి తెచ్చింది. వచ్చాడు. ఇంకోసారి చెరిపింది. పోయాడు.

కుర్చీలో వెనక్కి వాలింది. "చూసినావా? ఇంత సులువుగా పోయేవాణ్ణి ఇంత సులువుగా పెట్టొచ్చు కూడా. ఈ పాపను చెరిపి ప్రింటేస్తే అది దిద్దిన ఫొటో అవుతాది. దిద్దినదాన్ని పట్టుకోని పోయి ఇది నిజం అంటే, నన్ను అందులో అతికించినావు అంటాడు. నేనైనా అదే అంటా."

"తేదీ చూపించు."

"జనవరి ఒకటి" అంది. నవ్వు రాలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు అది కొత్త కష్టం. పనిముట్టు ఎంత గట్టిదైతే ఫొటో సాక్ష్యం అంత బలహీనమైపోయింది. దొంగను పట్టిచ్చిన యంత్రమే దొంగకు జామీను కూడా ఇచ్చింది. రెబెక్కమ్మకు బాప్తిస్మమిచ్చిన పాస్టరు యెహోషువ గారు కాలం చేసి నాలుగేళ్ళయింది. ప్రింటు ఆలోచన అక్కడితో ఆగింది. పగ ఆగలేదు. ఆ పది రోజులూ ఆమె చేతిలో ఉన్న ఆల్బములన్నీ పూర్తయ్యాయి. కోపంగా ఉన్నప్పుడు ఆమె చెయ్యి బాగా నడుస్తుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఎవరు, అబిగయీలేనా? నేనమ్మా, నరేంద్రబాబుని. ఏంది, బాగుండావా?"

"బాగుండా సార్."

"ఏం లేదు, ఆ బాప్తిస్మం ఫొటోలో ఆడమనిషి ఉండాది కదా, ఆమె యాడుంది ఇప్పుడు? బతికుండాదా? నాకు సన్మానం చేస్తా ఉండారు, విన్నావుగా. ఫొటో ముందర ఆ మనిషినే నిలబెట్టి, ఆమెకు కూడా ఒక శాలువా కప్పితే పేపరోళ్ళకు బాగుంటాదని."

అబిగయీలు గోడ మీది తుప్పు మరక వంక చూసింది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన తలుపు ఆయనే వచ్చి తీస్తున్నాడు.

"రెబెక్కమ్మ సార్. మైపాడులోనే ఉండాది. రొయ్యల షెడ్డులో అడిగితే ఎవరైనా చెప్తారు. మైకు ఇస్తారా సార్ ఆమెకు?"

"ఇస్తాంలే. రెండు ముక్కలు మాట్లాడమను. భయపడతాదేమో."

"భయపడదు సార్. ఆమెకు అలవాటే" అంది అబిగయీలు.

నరేంద్రబాబుకు తెలియంది అదే. ఆయన రెబెక్కమ్మను ఒక్కసారి ఒడ్డునుంచి, ఆ తర్వాత ఫొటోలో మాత్రమే చూశాడు. తొమ్మిదేళ్ళుగా స్త్రీల కూడికల్లో లేచి, దేవుడు తనకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పే మనిషి చేతికి మైకిస్తే ఏమవుతుందో మైపాడు సంఘంలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఏ రోజు, ఏ పూట, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఏం మాట్లాడారు, మొదటినుంచి చివరిదాకా చెప్పందే ఆమె కూర్చోదు. సాక్ష్యంలో ఒక్క ముక్క వదిలినా అబద్ధం కిందే లెక్క అని ఆమె నమ్మకం.

ఆదివారం ఆరాధన అయ్యాక అబిగయీలు మైపాడు పోయింది. రెబెక్కమ్మ గుమ్మంలో కూర్చుని, రొయ్యల ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటోంది. సన్మానం కబురు అప్పటికే చేరింది.

"వందనాలక్కా. మైకిస్తారంట నీకు."

"అంట. ఏం మాట్లాడాల మే నేను? వాళ్ళు ఫొటోలోళ్ళు, నేను రొయ్యలదాన్ని."

"నీ బాప్తిస్మం దినం ఎట్ట జరిగిందో చెప్పు. మొదట్నుంచి. ఏదీ కలపొద్దు, ఏదీ వదలొద్దు."

రెబెక్కమ్మ నూనె రాయడం ఆపి ఆమె మొహంలోకి చూసింది. "ఆ ఫొటో ఆయన తీసినట్టు రాసుకున్నాడని నాకెప్పుడో తెలుసులే. ఎవరూ నన్ను అడగలా, నేను చెప్పలా. నీ మొహంలో మాత్రం ఇప్పుడు మంచి కనపడటంలా అబిగయీలూ. పగలూ పట్టింపులూ దేవుడికి వదిలెయ్యాల."

"వదిలినా అక్కా. తొమ్మిదేళ్ళు వదిలినా. ఆయన వేరే పనుల్లో ఉన్నట్టుండాడు."

రెబెక్కమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే గట్టిగా అంది: "నేను నీకోసం చెప్పను. జరిగింది చెప్తా. నీకు పనికొస్తే నీ అదృష్టం."

"అంతకంటే నాకేం వద్దు."

వార్షికోత్సవం రోజు పదకొండు గంటలకు కల్యాణమండపం నిండింది. జిల్లా నలుమూలల నుంచి ఫొటోగ్రాఫర్లు వచ్చారు. అబిగయీలు వెనక వరుసలో, కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్టేజీ వెనక ఇరవై అడుగుల రెబెక్కమ్మ. ఒడ్డూ సరుగుడు తోటా కోసేసిన రెబెక్కమ్మ. స్టేజీ మీద, కుర్చీలో, నూనె రాసుకున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని అసలు రెబెక్కమ్మ. మండలి అధ్యక్షుడు అశోక్ గారు, డెబ్బై ఏళ్ళ మనిషి, ఫిల్ము కాలం నుంచి ఉన్నవాడు, ఆమె పక్కన కూర్చున్నాడు.

నరేంద్రబాబు మాట్లాడాడు. చాలా బాగా మాట్లాడాడు. మాటలు ఆయనకు ఎప్పుడూ తక్కువ కాలేదు.

"అది ఒక సాయంత్రం. దిగిపోయే ఎండ ఒడ్డు వైపు నుంచి సముద్రం మీద పడతా ఉంది. నేను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోని గంటసేపు కాచుకున్నా. కెమెరా కాదు ఫొటో తీసేది, మనసు. ఆ తల్లి నీళ్ళలోంచి లేచింది. నా మనసు నొక్కింది."

చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చి ముందు రెబెక్కమ్మకు కప్పారు. మైకు ఇచ్చారు.

రెబెక్కమ్మ లేచి నిలబడి, కొంగు సర్దుకుని, మైకును రెండు చేతులతో పట్టుకుంది. "దేవునికి స్తోత్రం. అందరికీ వందనాలు. నాకు మాట్లాడే సమయం ఇచ్చినారు. నేను సాక్ష్యం చెప్తా."

జనంలో ఎక్కడో వెంకటగిరి నుంచి వచ్చిన గిద్యోను అనే ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నాడు. అందరూ నవ్వారు. నరేంద్రబాబు కూడా నవ్వాడు.

ఆమె తన కడుపునొప్పి నుంచి మొదలుపెట్టింది. ఏ ఆసుపత్రికి పోయింది, ఏ డాక్టరు ఏమన్నాడు, ప్రార్థన చేయించింది ఎవరు. అయిదు నిమిషాలు అయ్యాయి. ముందు వరుసలో వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. నరేంద్రబాబు గడియారం చూపించి సైగ చేశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. సాక్ష్యం మధ్యలో సైగలకు ఆగే మనిషి కాదు.

"అప్పుడు నాకు బాప్తిస్మం తీసుకోవాలని బుద్ధి పుట్టింది. ఆదివారం తెల్లవారుజామున లేచి, ఏం తినకుండా, మేం పదకొండు మందిమి సముద్రం కాడికి పోయినాం. సూర్యుడు అప్పుడే లేస్తా ఉండాడు. ఈ సారు కూడా వచ్చినాడు. బూట్లు ఇప్పి చేతిలో పట్టుకోని ఒడ్డునే నిలబడినాడు. తొందరగా కానీండయ్యా, నాకింకో పార్టీ ఉండాది అని కేకేసినాడు. మా పాస్టరయ్య కోప్పడలా. అబిగయీలు మాత్రం నీళ్ళలోకి వచ్చింది. అయ్యగారి కంటే లోపలికి పోయింది. నేను భయపడి, అమ్మీ ఈత వచ్చా నీకు అన్నా. రాదక్కా, నువ్వు కళ్ళు మూసుకో అనింది. నేను మునిగి లేసేతలికి నా ఎదురుగా ఎండ, ఎండకు అడ్డంగా ఆ పిల్ల తల, కెమెరా. ఈ ఫొటో అప్పటిదే."

ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు.

నరేంద్రబాబు లేచి ఇంకో మైకు అందుకున్నాడు. "పెద్దామె, పాపం. ఎవరో చెప్పి పంపినట్టున్నారు. ఆ రోజు సాయంత్రం కూడా బాప్తిస్మాలు ఇచ్చినారు, అప్పుడు తీసినా నేను..."

"ఒక మనిషికి బాప్తిస్మం ఒక్కసారే నాయనా" అంది రెబెక్కమ్మ, కోపం లేకుండా, తెలియనివాడికి చెప్పినట్టు. "పొద్దున ఇచ్చి మళ్ళీ సాయంత్రం ఇయ్యరు."

ఈసారి "ఆమెన్" నాలుగైదు చోట్ల నుంచి వచ్చింది.

అశోక్ గారు కుర్చీని వెనక్కి తిప్పుకుని ఫ్లెక్సీ వంక చూస్తూ కూర్చున్నాడు.  తర్వాత మైకు లేకుండానే అడిగాడు. "నరేంద్రా. పొద్దున మైపాడులో ఎండ ఎటునుంచి వస్తాది?"

నరేంద్రబాబు మైకు చేతులు మార్చుకున్నాడు. అశోక్ గారే చెప్పాడు:

"సముద్రం నుంచి వస్తాది. ఆమె మొహం వెలుగుతా ఉందంటే కెమెరా యాడుండాల? సముద్రంలో ఉండాల. నువ్వు ఇసకలో ఉన్నావని ఇప్పుడే చెప్పినావు."

ఆ మండపంలో ఉన్న వాళ్ళందరూ ఎండను చూసి బతికేవాళ్ళు. ఎవరికీ ఇంకొక మాట అవసరం లేకపోయింది. తలలు ఒకటొకటిగా ఫ్లెక్సీ నుంచి నరేంద్రబాబు మీదికి తిరిగాయి. ఆయన నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు.

వెనక వరుసలో అబిగయీలు కెమెరా ఎత్తింది. తొందరపడలేదు. ఆయన కన్ను, మీసం, చెమట, మూడూ స్పష్టంగా వచ్చేదాకా ఆగి, ఒక్కసారే నొక్కింది. కోతి కూడా నొక్కగలిగే నొక్కుడు.

రెండో శాలువా మడత విప్పకుండానే బల్ల మీద ఉండిపోయింది. నరేంద్రబాబు పక్క తలుపు నుంచి వెళ్ళాడు. భోజనాల దగ్గర అశోక్ గారు అబిగయీలును వెతుక్కుంటూ వచ్చాడు. "ఫ్రేము మొత్తం ఉండాదా అమ్మా నీ కాడ?"

"ఉండాది సార్. చూపించను."

"ఎందుకు?"

"అందులో ఇంకో ఆడపిల్ల ఉంది. తడిచీర. మాటిచ్చినా."

ముసలాయన తల ఊపాడు. "సరే, చూపించొద్దు" అన్నాడు. "ఈ మాట ఒక్కటి చాలు, తీసింది నువ్వేనని. బహుమతుల రిజిస్టరులో పేరు మార్పిస్తా."

మార్పించాడు. ఇందుకూరుపేట స్టూడియో బోర్డు మీద ఆ ఫొటో ఉన్నచోట ఇప్పుడు తెల్లరంగు పూసి ఉంది. రెబెక్కమ్మ తన శాలువాను చలికాలానికి దాచుకుంది. పేరు మారిన సంగతి ఫోనులో చెప్పినప్పుడు, "ఇప్పుడన్నా నీ కడుపు చల్లబడిందా?" అని అడిగింది. అబిగయీలు ఆమె వేళ్ళ నొప్పి గురించి అడిగింది.

మండపం నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నమే కెమెరా కార్డు కొత్త కంప్యూటరుకు తగిలించింది. అంతకుముందే, వృత్తిలో మొదటిసారి, కెమెరా గడియారం దిద్దుకుంది. ఫొటో సరైన తేదీ కింద, సరైన గంట కింద వచ్చి కూర్చుంది. ఇక ఆ ప్రశ్న వస్తుందని అవును మీద వేలు పెట్టుకుని కాచుకుంది.

రాలేదు. నోరు తెరుచుకుని, చెంపలు జారి, నెత్తి మీద కూలింగ్ గ్లాసులు లేని ఆ మొహాన్ని సాఫ్ట్‌వేరు గుర్తుపట్టలేదు. మూడు వందల పన్నెండు నవ్వుమొహాలు దగ్గర పెట్టుకుని కూడా గుర్తుపట్టలేదు. ఎవరో కొత్త మనిషనుకుని విడిగా పెట్టి, పేరు అడిగింది.

"ముప్పాతిక పనే చేస్తాది" అంది అబిగయీలు.

ఆ మొహాన్ని మౌసుతో పట్టుకుని, లాక్కుపోయి, దొంగ అన్న పేరు కింద తన చేత్తోనే కలిపింది.